తొమ్మిదో తరగతిలో తీసివేత రాకపోతే: పల్నాడు హైస్కూళ్లలో అదనపు బోధన ఎవరి హక్కు, ఎవరి పని

పదో తరగతి ఫలితాలు వచ్చిన సాయంత్రానికల్లా 590 దాటిన పిల్లల ఫొటోలు ఫ్లెక్సీలెక్కుతాయి. మర్నాడు పత్రికలు జిల్లాలకు ర్యాంకులు వేస్తాయి. లెక్కల్లో 11 దగ్గరో 19 దగ్గరో ఆగిపోయిన పిల్లలు ఏ వాడ పిల్లలు, ఏ తరగతిలో వెనకపడటం మొదలైంది, ఆ తర్వాత ఎవరైనా పట్టించుకున్నారా అనే వార్త మాత్రం ఎక్కడా కనపడదు. ఈ వ్యాసం ఆ పిల్లల గురించి. పల్నాడు జిల్లాలో నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల్లో వాడలో సాయంత్రం ట్యూషన్ నడుపుతున్నవాళ్లకు, నడపాలనుకుంటున్నవాళ్లకు, బడి కమిటీలో కూర్చునే తల్లిదండ్రులకు పనికొస్తుందని రాస్తున్నాం.

2022 జూన్ ఫలితాలు ఒకసారి గుర్తు చేసుకుందాం. రాష్ట్రంలో 6,15,908 మంది పరీక్ష రాస్తే 4,14,281 మంది పాసయ్యారు. అంటే 67.26 శాతం. రెండు లక్షల మందికి పైగా పిల్లలు ఒక్క దెబ్బకు ఫెయిలయ్యారు. అదే పరీక్షలో 2019లో ఉత్తీర్ణత 94.88 శాతం. మూడేళ్లలో పిల్లల తెలివి తరిగిపోలేదు. మధ్యలో కరోనా వచ్చింది, 2020లో, 2021లో పరీక్షలే లేకుండా అందరినీ పాస్ చేశారు. 2022లో రాసిన పిల్లలు తొమ్మిదో తరగతిలో సగం కాలం, పదో తరగతి మొదట్లో రెండు నెలలు బడి ముఖం చూడలేదు. పైగా అంతకు ముందున్న 20 ఇంటర్నల్ మార్కులు తీసేశారు. కరోనా కాలంలో ఫోన్ ఉన్న ఇంట్లో పాఠం నడిచింది, ఫోన్ లేని ఇంట్లో కూలి నడిచింది.

తర్వాత 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14 శాతం. అంకె పైకి లేచింది. చదువు కూడా అంతే లేచిందా అంటే మాకు నమ్మకం లేదు. పరీక్షకు మూడు నెలల ముందు ‘ముఖ్యమైన ప్రశ్నలు’ బట్టీ పట్టించి 35 దాటించడం ఒక పని. తొమ్మిదో తరగతి పిల్లకు తీసివేత నేర్పడం ఇంకో పని. మన హైస్కూళ్లలో ‘ప్రత్యేక తరగతులు’ అనే మాట చాలా చోట్ల మొదటి పనికే వాడుతున్నారు.

వెనకబాటు ఎంత

‘ప్రథమ్’ సంస్థ ‘అసర్’ పేరుతో చేసే సర్వేల్లో 2023 నాటిది 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ పిల్లల గురించి. అందులో నాలుగో వంతు పిల్లలు తమ మాతృభాషలో రెండో తరగతి స్థాయి పేరాను తడబడకుండా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్క 43.3 శాతం మందే చేయగలిగారు. ఇది దేశం లెక్క. ఒక్కో రాష్ట్రంలో ఒకటి రెండు జిల్లాల్లోనే చేసిన సర్వే కనుక పల్నాడుకు నేరుగా అతికించకూడదు. అయినా హైస్కూల్లో లెక్కలు చెప్పే ఏ పంతులునైనా అడగండి, ఈ అంకెలు విని ఆశ్చర్యపోరు.

ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది. వాళ్లు పరీక్షించిన పిల్లల్లో ఆరో తరగతివాళ్లు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారు. తొమ్మిదికి వచ్చేసరికి ఆ దూరం నాలుగున్నర తరగతుల దాకా పెరిగింది. పిల్ల ఏటా పై తరగతికి వెళ్తోంది, తెలిసిన లెక్క మాత్రం దాదాపు అక్కడే ఉంది. పంతులు సిలబస్ చెబుతారు. పిల్ల బోర్డు మీద ఉన్నది నోట్సులోకి దించుకుంటుంది. నోట్సు చూస్తే అంతా సరిగ్గానే ఉంటుంది!

లెక్కలు గొలుసు లాంటివి. సోషల్‌లో ఒక పాఠం పోతే తర్వాతి పాఠం అర్థమవుతుంది. స్థానవిలువ తెలియకుండా తీసివేత రాదు, తీసివేత, ఎక్కాలు లేకుండా భాగహారం రాదు, భాగహారం లేకుండా భిన్నాలు రావు, భిన్నాలు లేకుండా బీజగణితం లేదు. ఒక ఉదాహరణ చెప్తాం. 503 లోంచి 268 తీసెయ్యమంటే చాలామంది పిల్లలు 365 అని రాస్తారు. ఇది పరధ్యానంలో చేసిన తప్పు కాదు, దానికో పద్ధతి ఉంది. ప్రతి నిలువు వరుసలో పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశారు: 5 లోంచి 2, 6 లోంచి 0, 8 లోంచి 3. పక్క స్థానం నుంచి పది తెచ్చుకోవడం అంటే ఏమిటో మూడో తరగతిలో అర్థం కాలేదు, ఆరేళ్లుగా అలాగే చేస్తున్నారు. సరైన జవాబు 235. ఎర్ర పెన్నుతో కొట్టేసి సున్నా వేస్తే ఈ పిల్లకు తెలిసేదేమీ లేదు. పక్కన కూర్చుని పది పుల్లల కట్టలు విప్పి చూపిస్తే రెండు మూడు రోజుల్లో దారిలో పడుతుంది.

చదవడంలోనూ అంతే. గుణింతాలు దాటి ఒత్తుల దగ్గర ఆగిపోయిన పిల్లలు ఎందరో. ‘రాష్ట్రం’, ‘స్వాతంత్ర్యం’ లాంటి మాట రాగానే మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించి చెప్పేస్తారు. లెక్కల్లో ఫెయిలయ్యే పిల్లల్లో కొందరికి లెక్క వచ్చు, లెక్కలో ఇచ్చిన నాలుగు వాక్యాలే చదవడం రాదు. అందుకే చదవడం, లెక్కలు విడదీసి చూడొద్దని మేం అంటాం.

పత్తి, మిర్చి, పరీక్ష

2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడిపోయి నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. సాగర్ కుడి కాలువ కింద కొంత, వాన మీద ఆధారపడి కొంత, ఇక్కడి చేలల్లో ప్రధానంగా పత్తి, మిర్చి. పత్తి తీత దసరా తర్వాత మొదలై సంక్రాంతి దాకా సాగుతుంది. అది అయ్యీ కాకముందే మిరపకాయ కోతలు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా అవే. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు మార్చి నడిమధ్యన. బడి ‘వంద రోజుల ప్రణాళిక’ నడిపే రోజులూ, చేలో కూలికి మనిషి కావలసిన రోజులూ అచ్చంగా ఒకటే.

భూమి లేని మాల, మాదిగ కుటుంబాలకు ఏడాది మొత్తంలో నాలుగు డబ్బులు కనపడే కాలం అది. అమ్మ కోతకు వెళ్తే ఇంట్లో చంటిపిల్లను చూసుకునేది ఎనిమిదో తరగతి అక్క. శనివారం, సోమవారం కలిపి సెలవు పెట్టి తనూ కోతకు వెళ్లేది తొమ్మిదో తరగతి అన్న. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర, మాచర్ల, దాచేపల్లి వైపు రాతి గనుల దగ్గర బతికే ఇళ్లలో పరిస్థితి ఇంకో రకం. ఇక కర్నూలు పశ్చిమ ప్రాంతం నుంచి మిరప కోతలకు వలస వచ్చే కుటుంబాల పిల్లలు అక్కడి బడిలో పేరుండి ఇక్కడి చేలో ఉంటారు. వాళ్లను ఏ ఊరి హాజరు పట్టీ లెక్కపెట్టదు.

ఇక్కడే చట్టంలో ఒక కంత ఉంది, దాని గురించి తగినంత మాట్లాడటం లేదు. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు, ఎనిమిదో తరగతి వరకే. బాలకార్మిక నిషేధ చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలతో పని చేయించకూడదు. కుటుంబ పనిలో బడి వేళల తర్వాత సాయం చేయడం వంటి మినహాయింపులు మాత్రం ఉన్నాయి. 14 దాటితే నిషేధం ప్రమాదకరమైన పనులకే. అంటే తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టే వయసులో పిల్లకు రెండు చట్టాల రక్షణా ఒకేసారి జారిపోతుంది. బడిలో ఉంచాల్సిన బాధ్యత రాజ్యానికి ఉండదు, కూలికి పిలిచేవాడికి అడ్డూ ఉండదు. లెక్కలు బరువెక్కేదీ సరిగ్గా అప్పుడే.

ఆడపిల్లలకు ఫెయిల్ అంటే ఇంకో అర్థం కూడా ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. చదువు ఆగిన ఇంటికి సంబంధాలు రావడం ఆలస్యం కాదు.

‘మొద్దు’ అనే మాట

వెనకబడిన పిల్లలకు బడి ఏదో ఒక పేరు పెడుతుంది. స్లో లెర్నర్, సి గ్రేడు, డి గ్రేడు. ఈ మధ్య కాస్త అందమైన పేర్లు కూడా వస్తున్నాయి. పేరు ఏదైనా ఆ జాబితా వాడ జాబితాతో కలిసిపోతే తరగతి గదిలో అందరికీ అర్థమయ్యే విషయం ఒక్కటే. వెనక బెంచీ కులం పేరు చెప్పకుండానే కులం చెబుతుంది.

దీని ప్రభావం ఎంతో కొలిచినవాళ్లున్నారు. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు దారి వెతికే చిక్కుబొమ్మలు ఇచ్చి చేసిన ప్రయోగం 2006లో అచ్చయింది. ఎవరి కులమూ బయటపెట్టనప్పుడు దళిత పిల్లలు, పైకులాల పిల్లలు దాదాపు సమానంగా చేశారు. పేరు, కులం అందరి ముందూ చదివి మొదలుపెట్టినప్పుడు దళిత పిల్లల ఫలితం బాగా పడిపోయింది. అదే పిల్లలు, అదే బొమ్మ. ‘మీ వాళ్లకు లెక్కలు రావు’ అనే వాళ్లకు చూపించాల్సిన కాగితం ఇది.

అందుకే అదనపు బోధన ఎలా పెడుతున్నారన్నది చాలా ముఖ్యం. మధ్యాహ్నం ఆటల పీరియడ్‌లో ‘డల్ పిల్లలంతా లేచి ఆ గదిలోకి పోండి’ అంటే అది సాయం అనిపించుకోదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. అణగారిన వర్గాల పిల్లల మీద వివక్ష లేకుండా చూసే బాధ్యత ప్రభుత్వం మీద, స్థానిక సంస్థ మీద 8, 9 సెక్షన్లు పెట్టాయి.

వినుకొండ ఇప్పుడు ఈ జిల్లాలోదే. 1895లో అక్కడ పుట్టిన జాషువా బడిలో అంటరానితనం చవిచూసి, పెద్దయ్యాక ఉపాధ్యాయుడిగానే బతికారు. అంతకు ముందే, 1840ల చివర్లో, లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు నుంచి గురజాల వెళ్లారు. ఈ ప్రాంతంలో మన తాతముత్తాతల్లో చాలామందికి మొదట అక్షరం దొరికింది మిషన్ బడిలోనే. అంబేడ్కర్ 1924లో స్థాపించిన బహిష్కృత హితకారిణి సభ మొదట చేసిన పనుల్లో ఒకటి షోలాపూర్‌లో 1925లో విద్యార్థుల హాస్టల్ తెరవడం. బడి గంటలు చాలని పిల్లలకు బడి బయట ఆసరా ఇవ్వడం మనకు కొత్త ఆలోచనేమీ కాదు.

చట్టం ఎంత ఇస్తుంది

విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ టీచరు విధులు చెబుతుంది. ప్రతి పిల్ల ఎంత నేర్చుకోగలుగుతోందో అంచనా వేసి, అవసరమైతే దానికి తగిన అదనపు బోధన ఇవ్వడం అందులో ఒకటి. దయతో చేసే పని అని ఎక్కడా లేదు, విధి అనే ఉంది. చదువు మానేసి మళ్లీ చేరే పిల్లలకు వయసుకు తగిన తరగతిలో సీటు, తోటివాళ్లను అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ 4వ సెక్షన్ ఇస్తుంది. 2019 సవరణ ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్షకు వీలు కల్పిస్తూ, ఫెయిలైన పిల్లకు అదనపు బోధన ఇచ్చి ఫలితం వచ్చిన రెండు నెలల్లో మళ్లీ పరీక్ష పెట్టాలంది. 28వ సెక్షన్ ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదు. అంటే బడిలో ఇవ్వాల్సిన అదనపు బోధనను సాయంత్రం ఇంటి దగ్గర డబ్బులకు అమ్మడం చట్టవిరుద్ధం.

ఇవన్నీ ఎనిమిదితో ఆగుతాయి. తొమ్మిది, పది తరగతులకు హక్కు లేదు, పథకాలే ఉన్నాయి. 2009లో వచ్చిన రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్‌లో, 2018 నుంచి దాన్ని కలుపుకున్న సమగ్ర శిక్షలో, వెనకబడిన పిల్లలకు అదనపు బోధనకు చోటుంది. పథకానికి ఒక ఏడాది నిధులొస్తాయి, ఒక ఏడాది రావు. వచ్చినా నవంబరులో వచ్చి మార్చిలో అయిపోతాయి.

ఎస్సీ పిల్లల కోసం ప్రత్యేకంగా ఉన్నవి చూద్దాం. కేంద్ర ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ కుటుంబ ఆదాయం రెండున్నర లక్షలలోపు ఉన్న తొమ్మిది, పది తరగతుల పిల్లలకు. ఇంటి నుంచి వెళ్లేవాళ్లకు ఏడాదికి 3,500, హాస్టల్ పిల్లలకు 7,000 రూపాయలు. పుస్తకాలకు, చెప్పులకు సరిపోతుంది, బోధన కొనడానికి కాదు. ‘శ్రేష్ఠ’ పథకంలో తొమ్మిది, పదకొండు తరగతుల్లో దేశమంతా కలిపి 3,000 మంది ఎస్సీ పిల్లలను పరీక్ష పెట్టి మంచి ప్రైవేటు బడుల్లో చేర్పిస్తారు. విశేషమేమిటంటే అందులో చేరిన పిల్లలు కొత్త బడిని అందుకోవడానికి బ్రిడ్జి కోర్సుకు డబ్బు ఇచ్చే ఏర్పాటు ఉంది. అప్పటికే పరీక్ష నెగ్గిన పిల్లకు బ్రిడ్జి కోర్సు, జిల్లా పరిషత్ హైస్కూల్లో వెనకబడ్డ పిల్లకు ఏమీ లేదు! సాంఘిక సంక్షేమ గురుకులాలదీ అదే తర్కం, ఐదో తరగతిలో ప్రవేశ పరీక్షతో మొదలవుతాయి. గురుకులాలు కావాలి, ఇంకా పెరగాలి. కానీ అందులో సీటు రాని పిల్లలే ఎక్కువ. కస్తూర్బా విద్యాలయాలు కొంత నయం. 75 శాతం సీట్లు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ ఆడపిల్లలకు, మధ్యలో మానేసినవాళ్లకు చోటుంటుంది. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో సాయంత్రం ట్యూటర్లను పెట్టే పద్ధతి ఉంది. పేరుకు ఉన్నారా, రోజూ వస్తున్నారా అన్నది తల్లిదండ్రులు వెళ్లి చూడాల్సిన సంగతి.

ఆలస్యం అయిపోలేదు

‘చిన్నప్పుడే నేర్చుకోవాల్సింది, ఇప్పుడేం చేస్తాం’ అనే మాట టీచర్ల గదుల్లో బాగా వినపడుతుంది. ప్రభుత్వం దృష్టి కూడా చిన్న తరగతుల మీదే. కేంద్రం 2021 జూలైలో మొదలుపెట్టిన ‘నిపుణ్ భారత్’ మూడో తరగతి వరకే. అంతకు ముందు 2000ల మధ్యలో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ‘క్లిప్’, ‘క్లాప్స్’ కూడా ప్రాథమిక బడులవే. చిన్న తరగతులు సరిచేయడం తప్పనిసరి. మరి ఇప్పటికే తొమ్మిదిలో ఉన్నవాళ్ల సంగతి?

ఈ మాటకు మన దగ్గరే పాత జవాబు ఉంది. ఎం.వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పశువులు కాసే, జీతాలకు ఉన్న పిల్లలను పని మాన్పించి శిబిరాల్లో ఉంచి చదివించింది. అక్షరం రాని పదేళ్ల, పన్నెండేళ్ల పిల్లలు కొన్ని నెలల్లోనే వయసుకు తగిన తరగతిని అందుకుని బడిలో చేరారు. ఆ పనికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. పెద్ద పిల్లలు ఆలస్యంగా మొదలుపెట్టినా వేగంగా నేర్చుకుంటారని ఆ శిబిరాలు చూపించాయి. విద్యాహక్కు చట్టంలోని ప్రత్యేక శిక్షణ అనే ఆలోచనకు ఇలాంటి పనే పునాది.

ముంబై, వడోదరల్లో ‘బాలసఖి’ పేరుతో ప్రథమ్ చేసిన పనిని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు పరిశీలించి 2007లో ప్రచురించారు. బస్తీలోనే చదువుకున్న యువతులు రోజుకు రెండు గంటల పాటు వెనకబడ్డ పిల్లలకు వాళ్ల స్థాయి నుంచి చెప్పారు. బాగా వెనకబడ్డవాళ్లకే ఎక్కువ లాభం కలిగింది. చెప్పినవాళ్లకు బి.ఎడ్. లేదు.

హైస్కూలుకు ఇంకా దగ్గరి ఉదాహరణ అమెరికాలోని షికాగోలో ఉంది. అక్కడ ప్రభుత్వ బడుల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు, ఎక్కువమంది నల్లజాతి, లాటినో పిల్లలే, రోజూ ఒక పీరియడు లెక్కల ట్యూషన్ పెట్టారు. ఒక ట్యూటరుకు ఇద్దరే పిల్లలు. సగం సమయం పాత లోటు పూడ్చడానికి, సగం ఆ రోజు పాఠానికి. ట్యూటర్లు కొద్దిపాటి భత్యం మీద ఏడాది పనిచేసే కొత్త గ్రాడ్యుయేట్లు. లెక్కల్లో స్పష్టమైన మెరుగు కనిపించిందని 2023లో ప్రచురితమైన అధ్యయనం చెబుతోంది. ఇద్దరికి ఒకరు అనే ఖర్చు మనం భరించలేం. అయితే అందులో గమనించాల్సినది ఇంకొకటుంది. ఆ ట్యూషన్ బడి టైంటేబుల్లోనే పెట్టారు. సాయంత్రం పెడితే పనికి పోయే పిల్ల రాదు.

కేరళ 2024-25లో ఎనిమిదో తరగతిలో సబ్జెక్టుకు 30 శాతం కనీస మార్కు పెట్టి, రానివాళ్లకు ఏప్రిల్‌లో ప్రత్యేక తరగతులు నడిపి మళ్లీ పరీక్ష పెట్టింది. ఫెయిల్ చేసి ఆపేయడం, చూసీ చూడనట్టు పైకి తోసేయడం, ఈ రెండే దారులని మన దగ్గర వాదించుకునేవాళ్లు దాన్ని చూడాలి. మన రాష్ట్రంలో కొన్ని ప్రభుత్వ బడుల్లో ట్యాబ్‌ల మీద పిల్ల స్థాయిని బట్టి లెక్కలిచ్చే ‘పర్సనలైజ్డ్ అడాప్టివ్ లెర్నింగ్’ ల్యాబులున్నాయి. ఉన్నచోట వాడుకోవాలి. లేనిచోట పలక చాలు.

వాడలో మొదలుపెట్టడం

ముందు పరీక్షించాలి. దానికి ప్రశ్నపత్రం అక్కర్లేదు. రెండో తరగతి వాచకంలోంచి పది వాక్యాల పేరా ఒకటి పిల్ల చేత గట్టిగా చదివించండి, తోటివాళ్ల ముందు వద్దు, విడిగా కూర్చోబెట్టి. అది రాకపోతే నాలుగు వాక్యాలు, అదీ రాకపోతే ఒత్తులున్న మాటలు, తర్వాత ఒత్తులు లేని మాటలు. లెక్కల్లో పక్క స్థానం నుంచి పది తెచ్చుకునే తీసివేత ఒకటి, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించేది ఒకటి. ఒక్కో పిల్లకు పది నిమిషాలు పట్టదు. ఎక్కడ ఆగిందో రాసి పెట్టుకోండి.

తర్వాత తరగతిని బట్టి కాక ఆగిన చోటును బట్టి గుంపులు చేయండి. ఏడో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లలు ఒకే గుంపులో పడొచ్చు. పెద్దవాళ్లు సిగ్గుపడతారు. అందుకే తొమ్మిది, పది తరగతులవాళ్లకు వేరే వేళ పెట్టడం మంచిది. వాళ్లకు మూడో తరగతి పుస్తకం ఇవ్వకండి, పిల్లబొమ్మల పుస్తకం చూస్తే మర్నాడు రారు. లెక్క మూడో తరగతిదే కావచ్చు, విషయం వాళ్ల వయసుది కావాలి.

అలాంటి విషయాలు వాడలో ఎన్నో. మిర్చి టిక్కీ 42 కిలోలు తూగింది, క్వింటా 12,000 పలికితే ఆ టిక్కీకి ఎంత రావాలి? 5,040. కమీషను నూటికి ఇంత పోతే చేతికొచ్చేది ఎంత? అమ్మ 20,000 అప్పు తెచ్చింది, నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ, ఎనిమిది నెలలకు వడ్డీ ఎంత? 4,800. ఈ లెక్క రాగానే ఇంట్లో ఆ పిల్ల మాటకు విలువ వస్తుంది. ఉపాధి హామీ కూలి చీటీ, రేషన్ కార్డు, కరెంటు బిల్లు చదవడానికి పనికొస్తాయి. బిల్లులో ఏముందో నాన్నకు చదివి చెప్పిన పిల్లకు ఒత్తులు వద్దన్నా వస్తాయి.

రోజుకు గంటన్నర చాలు, ముప్పావుగంట చదవడం, ముప్పావుగంట లెక్కలు. రోజూ ఉండాలి. వారానికి రెండు రోజులు నాలుగేసి గంటలు కూర్చోబెడితే లాభం తక్కువ. మొదలుపెట్టాల్సింది జూన్‌లో. పల్నాడులో అక్టోబరు దాటాక మొదలుపెడితే పత్తి చేతికొస్తుంది, పిల్ల చేజారుతుంది. కోతల కాలంలో వేళ మార్చుకోవాలి, తెల్లవారుజామున పెట్టుకున్నా తప్పు లేదు.

ఎవరు చెప్పాలి? ఇంటరో డిగ్రీయో చదువుతున్న వాడ పిల్లలే. ముఖ్యంగా ఆడపిల్లలు, వాళ్లుంటే తల్లులు రాత్రివేళ కూడా ధైర్యంగా పంపుతారు. వాళ్లకు ఏదో ఒక భత్యం ఉండాలి. ఏళ్ల తరబడి ఉచితంగా చేయమనడం కూడా వెట్టే. చర్చి, కమ్యూనిటీ హాలు, అంబేడ్కర్ భవనం ఏదైనా సరే, వెలుతురు బాగుండాలి. మాల పల్లెలో పెడితే మాదిగ పిల్లలు రాని చోటా, మాదిగ పల్లెలో పెడితే మాల పిల్లలు రాని చోటా ఆ సంగతి ముందే మాట్లాడుకోండి. బయటి వివక్షను తిట్టి లోపల మనమే గీత గీస్తే పిల్లలు చూస్తూనే ఉంటారు.

ఇంగ్లిషు మీడియం సంగతి కూడా చెప్పాలి. ప్రభుత్వ బడిలో ఇంగ్లిషు మీడియం కావాలని దళిత సంఘాలు గట్టిగా నిలబడ్డాయి, మేమూ ఆ పక్షమే. ఊళ్లో ఉన్నవాళ్ల పిల్లలకు దక్కేది వాడ పిల్లలకూ దక్కాలి. 2024-25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది, తెలుగులో రాసే అవకాశం కూడా ఇచ్చారు. కానీ తెలుగే తడుముకుంటూ చదివే పిల్లకు ఇంగ్లిషు లెక్కల పుస్తకం గోడలా నిలబడుతుంది. ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లిషు, ఎదురు పక్క తెలుగు ఉంటుంది. ట్యూషన్లో ముందు తెలుగు పేజీ అర్థం చేయించి, తర్వాత అదే ఇంగ్లిషులో చదివించండి. ఇంగ్లిషు కావాలంటే తెలుగు వదలాలి అనేవాళ్లూ, తెలుగు కోసం ఇంగ్లిషు వదలాలి అనేవాళ్లూ ఈ పేజీ తిప్పి చూసినట్టు లేదు.

అడగాల్సినవి

వాడ ట్యూషన్ బడికి బదులు కాదు. బడిని అడగడం మానేస్తే మన యువకుల శ్రమతో ప్రభుత్వం చేతులు కడుక్కుంటుంది.

మొదట బడి యాజమాన్య కమిటీ. విద్యాహక్కు చట్టం ప్రకారం సభ్యుల్లో మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది స్త్రీలు, అణగారిన వర్గాల తల్లిదండ్రులకు దామాషాలో చోటు. సమావేశంలో మరుగుదొడ్లు, మధ్యాహ్న భోజనంతో పాటు ఈ ప్రశ్న కూడా పెట్టండి: ఏ తరగతిలో ఎంతమంది పేరా చదవలేకపోతున్నారు, వాళ్లకు ఏ పీరియడులో, ఎవరు చెబుతున్నారు? జవాబు మినిట్స్ పుస్తకంలో రాయించండి.

రెండోది నిధులు. ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం 2013లో వచ్చింది, 2023లో ఇంకో పదేళ్లు పొడిగించారు. ఎస్సీల జనాభా దామాషాలో నిధులు కేటాయించాలి, ఆ నిధులు ఎస్సీ వ్యక్తులకు, కుటుంబాలకు, వాడలకు నేరుగా, లెక్కించదగిన ప్రయోజనం ఇచ్చే పనులకే ఖర్చు పెట్టాలి అంటుంది ఆ చట్టం. అందరికీ ఇచ్చే పథకాల్లో ఎస్సీల వాటాను ఉపప్రణాళిక కింద చూపించడం మనం ఏళ్లుగా చూస్తున్నాం. ఒక వాడలో 40 మంది పిల్లలకు ఏడాది పాటు ఇద్దరు ట్యూటర్ల భత్యం, ఒక గది అద్దె, పుస్తకాలు, ఇంతకంటే నేరుగా లెక్కించదగిన ప్రయోజనం ఏముంటుంది? జిల్లా కలెక్టరుకు, సాంఘిక సంక్షేమ అధికారికి ఇచ్చే అర్జీలో ఈ చట్టం పేరు రాసి అడగండి.

మూడోది సమాచారం. మన రాష్ట్రంలో సమాచార హక్కు దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. దారిద్ర్యరేఖ దిగువన ఉన్నవాళ్లకు అసలు రుసుమే లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నరసరావుపేటలోని జిల్లా విద్యాశాఖ కార్యాలయాన్ని ఇవి అడగొచ్చు: గత మూడేళ్లలో మీ మండలంలోని ప్రతి హైస్కూల్లో పదో తరగతి లెక్కల్లో ఫెయిలైన ఎస్సీ, ఎస్టీ, ఇతర పిల్లల సంఖ్య, వాళ్లలో సప్లిమెంటరీ రాసినవాళ్లు, పాసైనవాళ్లు ఎందరు, ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో అదనపు బోధనకు వచ్చిన నిధులు, ఖర్చు, తేదీలు, లెక్కల టీచరు పోస్టుల్లో ఖాళీలు, అవి ఎప్పటి నుంచి ఖాళీ. పిల్లల పేర్లు అడగొద్దు, సంఖ్యలు చాలు.

ఇప్పటికే ఫెయిలైన పిల్ల ఇంట్లో ఉంటే ముందు అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ. ఫలితాలు వచ్చిన కొద్ది వారాల్లోనే ఉంటుంది, ఫీజు కట్టే గడువు చాలా తక్కువ. ఫలితాల రోజే హెడ్‌మాస్టరును కలిసి తేదీ తెలుసుకోండి. పాసైన సబ్జెక్టులు మళ్లీ రాయక్కర్లేదు. అదీ దాటిపోతే ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా పది రాయొచ్చు. బడి మానేసి ఏళ్లయినవాళ్లూ, పెళ్లయిన ఆడపిల్లలూ అందులో చేరొచ్చు. తరగతులు నడిచే కేంద్రం ఏ ఊళ్లో ఉందో మండల విద్యాధికారి ఆఫీసులో చెబుతారు.